జీ6పీడీ గురించి వ్యాసం ఎలా ఉండాలి?

పుట్టిన మూడోనాడు పసిబిడ్డ కళ్లు పచ్చబడతాయి. రక్తపరీక్ష కాగితం మీద ‘జీ6పీడీ లోపం’ అని ఉంటుంది. తల్లో తండ్రో ఫోను తీసి ఆ పేరు కొట్టగానే విజ్ఞాన సర్వస్వంలోని వ్యాసం వస్తుంది. ఎంజైము వర్గీకరణ సంఖ్య 1.1.1.49, అమైనో ఆమ్లాలు 515, జన్యువు ఉన్నది ఎక్స్ క్రోమోజోము మీద అంటూ మొదలవుతుంది. అన్నీ నిజాలే, కానీ బిడ్డను ఒళ్లో పెట్టుకున్న మనిషికి వాటితో పనిలేదు. ఇలాంటి వ్యాసాన్ని మెరుగుపరచాలని కూర్చున్నవారు ఈ వివరాలను పక్కనున్న పట్టికలోకి పంపి, ఎంజైము చేసే పనితో మొదలుపెట్టాలి.

ఆ పని ఇదీ. కణంలోకి వచ్చిన గ్లూకోజుకు ఫాస్ఫేటు తగులుకున్నాక దాని ముందు రెండు ముఖ్యమైన దారులుంటాయి. ఒకటి శక్తినిచ్చే గ్లైకాలసిస్. రెండోది పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గం. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్, అంటే మన జీ6పీడీ, ఈ రెండో దారికి మొదటి మెట్టు. ఇక్కడ తయారయ్యే ఎన్‌ఏడీపీహెచ్ లేకపోతే గ్లూటాథయోన్ ఒకసారి వాడగానే అయిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడు లాంటి హానికర పదార్థాలను విరిచేది ఆ గ్లూటాథయోనే. మిగతా కణాలకు ఎన్‌ఏడీపీహెచ్ సంపాదించుకునే వేరే మార్గాలున్నాయి. ఎర్రరక్తకణానికి మైటోకాండ్రియా లేవు, కొత్త ఎంజైము చేసుకోవడానికి కేంద్రకమూ లేదు. దాదాపు 120 రోజుల ఆయుష్షునూ తనతో తెచ్చుకున్న ఎంజైముతోనే గడపాలి. ఈ సంగతి పాఠకుడికి పట్టుబడితే లోపం ఉన్నవారికి రక్తంలోనే ఎందుకు చిక్కు వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

చరిత్ర భాగాన్ని చాలామంది రెండు వాక్యాల్లో ముగిస్తారు. నాకది అన్యాయమనిపిస్తుంది. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు స్టేట్‌విల్ జైల్లో ఖైదీల మీద మలేరియా మందులు పరీక్షించారు. ప్రైమాక్విన్ వేసుకున్న నల్లజాతి ఖైదీల్లో కొందరికి ఎర్రకణాలు పగిలిపోయాయి. తప్పు కణంలో ఉందా, దాని చుట్టూ ఉన్న రక్తద్రవంలో ఉందా? రేడియోధార్మిక క్రోమియంతో గుర్తుపెట్టిన కణాలను ఒకరి నుంచి మరొకరికి ఎక్కించి చూశారు. మందు పడనివారి కణాలు ఆరోగ్యవంతుడి ఒంట్లో కూడా పగిలాయి. 1956లో కార్సన్, ఆల్వింగ్ బృందం ఆ కణాల్లో లోపించిన ఎంజైము ఏదో తేల్చింది. ఎంత చక్కటి తర్కమో! ఆ తర్కాన్నీ, అది జైలుగోడల మధ్య బందీల శరీరాల మీద నడిచిందన్న నిజాన్నీ వ్యాసం పక్కపక్కనే చెప్పాలి.

అన్నిటికన్నా ముందు దిద్దాల్సిన వాక్యం ఒకటుంది: ‘ఆడవారు వాహకులు మాత్రమే, వారికి ఇబ్బంది రాదు.’ ఇది తప్పు. ఆడవారి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి చాలావరకు మూతపడుతుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. మరుసటి ఏడాదే అర్నెస్ట్ బ్యూట్లర్ బృందం ఇదే ఎంజైము ఆధారంగా, వాహక స్త్రీల రక్తంలో మంచి కణాలూ లోపమున్న కణాలూ కలిసే ఉంటాయని చూపింది. లోపమున్నవి ఎక్కువపాళ్లలో ఉన్న స్త్రీకి ప్రమాదమూ ఎక్కువే.

పరీక్ష గురించి కూడా ఒక హెచ్చరిక తప్పనిసరి. ఎర్రకణాలు పగిలిన వెంటనే రక్తం తీస్తే ఫలితం మామూలుగానే కనిపించవచ్చు. ఎంజైము తక్కువున్న ముసలి కణాలు అప్పటికే పోయి, ఎంజైము ఎక్కువుండే లేత కణాలు మిగులుతాయి. రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించాలి.

ప్రపంచంలో దాదాపు 40 కోట్లమందికి ఈ లోపం ఉందని అంచనా. మలేరియా తిరిగిన నేలల్లోనే ఇది ఎక్కువ, ఎందుకంటే ఆ జబ్బు నుంచి కొంత రక్షణ ఇస్తుంది. వీరిలో చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. ఈ మాట వ్యాసం పైభాగంలోనే ఉండాలి. మన దేశంలో గిరిజనుల్లో ‘ఒరిస్సా’ అనే రకం ఎక్కువగా కనిపిస్తుంది. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాగి తిరగబెట్టకుండా 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. అందుకే విశాఖ మన్యంలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తకు ఈ పేరా ఎంతో అవసరం.

లోపం రకాల వర్గీకరణ కూడా పాతబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2022లో పాత రెండు, మూడు తరగతులను కలిపి ‘బి’ అన్నారు. తేదీ వేయకుండా పట్టిక పెడితే పాఠకుడు తికమకపడతాడు.

ఇక మానాల్సినవాటి జాబితా. డాప్సోన్, రాస్బురికేస్, మిథిలిన్ బ్లూ, ప్రైమాక్విన్‌లకు బలమైన ఆధారాలున్నాయి. వాటిని ఊహల మీద చేర్చిన మందులతో కలిపేయకూడదు. పసిబిడ్డల బట్టల మధ్య పెట్టే కలరా ఉండల్లోని నాఫ్తలీన్ నిజంగానే ప్రమాదం, దాన్ని తప్పక రాయాలి. తిండి విషయంలో రుజువైన ముద్దాయి విసియా ఫాబా అనే మొక్క గింజ. అందులోని వైసిన్, కన్వైసిన్‌లే కణాలను దెబ్బతీస్తాయి. మన పెరట్లో పందిరికెక్కే చిక్కుడు వేరే ప్రజాతి. పరాయి జాబితా చూసి మన చిక్కుళ్లనూ పప్పులన్నిటినీ ఆ వరసలో చేరిస్తే, కారణం లేకుండా ఒక ఇంటి వంటను మార్చేసినట్టే.