నెలలు నిండిన కోడలి దిగులు

ఆ మధ్య మా పక్క వాటాలోకి నిజామాబాదు వైపు నుంచి ఒక కోడలు పిల్ల వచ్చింది. ఎనిమిదో నెల. దీపాలు పెట్టే వేళకు గుమ్మంలో ఒక్కతే కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేది. ఏమయిందమ్మా అని అడిగితే, "ఏం లేదు పెద్దమ్మా, మనసు ఎట్లనో అయితున్నది" అన్నది. "తొలిచూలు గదా, అట్లనే ఉంటది" అని చెప్పి మేము లోపలికి వచ్చేశాము. ఆ మాట అనకుండా ఉండవలసింది.

నెలలు నిండేటప్పటికి ఒళ్ళు బరువు, నిద్ర పట్టకపోవడం, కాన్పు భయం ఎవరికైనా ఉండేవే. కాని రెండు వారాలు దాటినా దిగులు వదలక, ఇష్టమైన పని మీద కూడా మనసు పోక, తానెందుకూ పనికిరానని అనిపిస్తూ ఉంటే అది జబ్బు. వైద్యులు డిప్రెషన్ అంటారు. గర్భిణులలో నూటికి 10 మంది ఏదో ఒక మానసిక వ్యాధితో, ముఖ్యంగా ఈ కుంగుబాటుతోనే, బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వర్ధమాన దేశాలలో 15 మందికి పైనేనట. పట్టించుకోకపోతే నెలలు నిండకుండా కాన్పు కావడానికి, బిడ్డ బరువు తగ్గడానికి అవకాశం పెరుగుతుంది. దీన్ని దిష్టి అనీ, పొగరు అనీ కొట్టిపారేసే ఇళ్ళు మనకు తెలియనివా?

కారణాలు దూరం వెతకనక్కరలేదు. గోవాలో బాలింతలను పరీక్షించి 2002లో ప్రకటించిన ఒక అధ్యయనంలో డబ్బు ఇబ్బంది, భర్తతో పొసగకపోవడం, ఆడపిల్ల పుట్టడం ముఖ్య కారణాలుగా తేలాయి. గర్భంతో ఉన్నప్పుడే కుంగినవారు చాలామంది తరువాతా కుంగినట్లు కనిపించింది. మగబిడ్డా ఆడబిడ్డా అన్నది తండ్రి బీజాన్ని బట్టి ఉంటుంది, మాట పడేది మాత్రం కోడలు!

మన నాందేడులో ఇంకొకటి ఉన్నది. 1956లో ఈ జిల్లా హైదరాబాదు నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలోనూ, 1960లో మహారాష్ట్రలోనూ చేరింది. సరిహద్దు మారినా సంబంధాలు మారలేదు. నేటికీ బాసర అవతల నుంచి కోడళ్ళను తెచ్చుకుంటూనే ఉన్నాము. ఆ పిల్లకు మరాఠీ రాదు. ఆసుపత్రిలో నర్సు మరాఠీలో అడుగుతుంది. పక్కనున్న అత్తగారు "సగళం బరం ఆహే" అని జవాబు చెబుతుంది. కోడలు నోరు విప్పే పనే లేదు.

ఈ జబ్బును పసిగట్టడానికి ఎడింబరో పేరుతో 1987లో వచ్చిన 10 ప్రశ్నల పట్టిక ఒకటి ఉన్నది. గడచిన 7 రోజులలో నవ్వగలిగావా, నీ తప్పు లేకున్నా నిన్ను నీవు నిందించుకున్నావా, నీకు నీవే హాని చేసుకోవాలనిపించిందా అనే ధోరణిలో ఉంటాయి. అత్తగారి ఎదుట ఏ కోడలు నిజం చెబుతుంది? చచ్చిపోవాలన్న మాట వస్తే ఆమెను ఒంటరిగా వదలక ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ ఫోను 14416 రాత్రింబగళ్ళు ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మందులు కావాలో, మాటలతోనే నయమవుతుందో వైద్యులే నిర్ణయిస్తారు. వాడుతున్న మందును గర్భమని చెప్పి ఎవరికి వారు మానేయరాదు. రక్తహీనత, థైరాయిడు కూడా ఇలాగే నీరసపెడతాయి గనుక రక్తపరీక్ష తప్పదు.

పక్కింటి పిల్లను చూడడానికి వాళ్ళ అమ్మ వచ్చి, బిడ్డ సగమయిపోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. 2016 నుంచి ప్రతినెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రులలో గర్భిణులను ఉచితంగా పరీక్షిస్తున్నారు గదా, ఆ 9న ఆమే వెంట వెళ్ళి, తెలుగులో విని మరాఠీ తెలిసిన మాతో డాక్టరమ్మకు చెప్పించింది. అరగంట పట్టింది. అత్తగారు బయట బెంచీ మీద కూర్చున్నది.