సైబీరియా పక్షి మీ నిమ్మచెట్టులోనే ఉంది

విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేట్ చేరామంటే ఔటర్ రింగ్ రోడ్డు కూడలి, లారీల హోరు, వెంచర్ల హోర్డింగులు. పిట్టలు చూసే చోటని ఎవరూ అనుకోరు. కానీ ఉత్తరానికి తిరిగితే గౌరెల్లి, ప్రతాపసింగారాల మధ్య మూసీ, దాని పక్కన గడ్డి మళ్లు. తూర్పున అనాజ్‌పూర్ గుట్టలు, ఇంకా ముందుకెళ్తే రాచకొండ. నగరం వైపు వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి. మధ్యలో ఊరికో చెరువు, లేదంటే కుంట. ఎల్బీనగర్ నుంచో దిల్‌సుఖ్‌నగర్ నుంచో పొద్దున్నే బండి తీస్తే టిఫిన్ల వేళకు తిరిగి రావచ్చు. బైనాక్యులర్ మెడలో వేసుకుని చెరువు కట్ట మీద నిలబడితే ఎవరో ఒకరు ఆగి పలకరిస్తారు. ఆ పలకరింపుల్లో, పేపర్లలో, వాట్సాప్‌లో తిరిగే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: “గవన్నీ సైబీరియాకెళ్లి వచ్చిన కొంగలే సార్.”

తెలుగు నేల మీద పెద్ద పక్షి గుంపుగా దిగితే చాలు, సైబీరియా పాస్‌పోర్టు ఇచ్చేస్తాం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలకూ, గూడబాతులకూ అదే పేరు. ఖమ్మం దగ్గర చింతపల్లి కొంగలకూ అదే. ఇక్కడి చెరువుల్లో గులాబి రెక్కలతో నిలబడే ఎర్రకాళ్ల కొంగదీ అదే కథ. నిజానికి అవి ఈ దేశపు పక్షులే. నీళ్లనూ చేపలనూ బట్టి ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు తిరుగుతాయి, అంతే.

తేల్చుకోవడానికి తేలికైన గుర్తు గూడు. చలికాలానికి వచ్చే అతిథి ఇక్కడ గుడ్లు పెట్టదు. గుడ్లు పెట్టి పిల్లల్ని లేపే పని అక్కడ ముగించుకునే ఇటు వస్తుంది. చెట్టు మీద గూడు, గూట్లో పిల్లలు కనబడ్డాయంటే అది ఇక్కడిదే. అసలు సైబీరియన్ క్రేన్ మన దేశంలో చివరిగా కనిపించింది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో, 2001-02 శీతాకాలంలో. ఇప్పుడు మిగిలినవి దాదాపు అన్నీ చైనాలోని పోయాంగ్ సరస్సుకు పోతాయి.

మరి సైబీరియా పక్షి మన దగ్గర లేదా? ఉంది. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అని మట్టిరంగు పిట్ట, బరువు పది పన్నెండు గ్రాములు. ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా పొదల్లో పిల్లల్ని పెంచుతుంది. చలికాలానికి వాటిలో చాలా భాగం వచ్చేది మన ఉపఖండానికే. కంచెలో, నిమ్మచెట్టులో, గోరింటాకు పొదలో దూరి ‘చక్... చక్’ అని నాలుక చప్పరించినట్టు అంటూ ఉంటుంది. ఆకు కదులుతుంది, పిట్ట మాత్రం బయటికి రాదు. కాసేపు ఓపిక పడితే కొమ్మ చివర ఒక్క క్షణం తేలుతుంది. కంటి మీద సన్నటి తెల్ల గీత, పొడవాటి ముక్కు, మిగతాదంతా గోధుమరంగు. ఫొటోకు పెద్దగా పనికిరాదు, అందుకే పేపర్లోకి ఎక్కలేదేమో!

అపోహ: “చెరువు నిండితేనే పిట్టలొస్తయ్.”

అలుగు దూకిన చెరువు మనిషి కంటికి పండగ. బాతులు కొన్ని అందులో ఈదుతాయి కూడా. కానీ సెప్టెంబరు, అక్టోబరుల్లో ముందుగా దిగే ఉల్లంకులకు నిండు చెరువుతో పనిలేదు. లిటిల్ స్టింట్ పిచ్చుకంత పక్షి, అగ్గిపుల్లల్లాంటి కాళ్లు. ఉత్తర ధ్రువం అంచు దగ్గరి టండ్రాలో పుట్టి ఇంత దూరం వచ్చేది, నాలుగు వేళ్ల లోతు కూడా లేని నీటి అంచున బురదలో పురుగులు ఏరుకోవడానికి. వుడ్ శాండ్‌పైపర్ దానికంటే కొంచెం లోపలికి దిగుతుంది. పొడుగు ముక్కు గాడ్‌విట్ ఇంకాస్త లోతుకు పోయి, ముక్కు మొత్తం బురదలో దింపి వెతుకుతుంది. కాలి పొడవును బట్టి, ముక్కు పొడవును బట్టి ఒకే బురదను పంచుకుంటాయి.

వానలు బాగా పడిన ఏడు చెరువులో పిట్టలు తక్కువ కనబడటానికి కారణం ఇదే. నీళ్లు అన్ని కుంటల్లో, పొలాల్లో ఉంటే అవీ అన్ని చోట్లకూ చెదిరిపోతాయి. నీరు వెనక్కి తగ్గి శిఖం బయటపడే కొద్దీ గుంపులు చేరతాయి. ఆ శిఖమే రియల్ ఎస్టేట్ వాళ్లకు ఖాళీ జాగా, సుందరీకరణ చేసేవాళ్లకు వికారం. చుట్టూ రాతి కట్టు, వాకింగ్ ట్రాక్, ఫౌంటెన్, బోటింగ్ వచ్చాక లోతైన నీరు మిగులుతుంది కానీ అంచు మిగలదు. నడిచేవాళ్లకు బాగానే ఉంటుంది. స్టింట్ మాత్రం దిగడానికి చోటు లేక పైనుంచే పోతుంది.

అపోహ: “ఈ మురికి నీళ్లకు ఎవలొస్తరు?”

చాలా వస్తాయి. నాగోలు దాటాక మూసీ ఏ వాసనతో పారుతుందో ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ నీటితోనే ఒడ్డున పశువుల గడ్డి పండిస్తారు. కోసిన మళ్లలో నీరు పెట్టిన పొద్దున చూడాలి. పసుపు జిట్టంగులు తోకలు ఆడిస్తూ బర్రెల కాళ్ల సందున పరుగులు పెడతాయి. మధ్యలో వుడ్ శాండ్‌పైపర్లు, రఫ్‌లు, నల్ల కంకణాలు. మురుగులో పోషకాలు ఎక్కువ. దాంతో దోమజాతి పురుగుల లార్వాలు, వానపాములు లెక్కలేనన్ని పుడతాయి. పిట్టలు వచ్చేది ఆ తిండి కోసం.

దీన్నుంచే రెండో అపోహ పుడుతుంది: పక్షులు వచ్చాయంటే నీరు బాగున్నట్టే అని. అది ఇంకా ప్రమాదం. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో బాట్యులిజం అనే విషప్రభావంతో 18 వేలకు పైగా పక్షులు చచ్చిపోయాయి. వాటిలో చాలా వలస పక్షులే. తిండి ఉన్న చోటికి పక్షి వస్తుంది. ఆ తిండిలో ఏముందో దానికి తెలియదు.

అపోహ: “చలి పడకముందు ఏముంటయ్? సంక్రాంతికి రాండ్రి.”

సంక్రాంతికి బాతులు ఉంటాయి, నిజమే. సూదితోక బాతు, చెంచామూతి బాతు నవంబరు తర్వాతే బాగా కనబడతాయి. కానీ వలస మొదలయ్యేది శ్రావణ, భాద్రపదాల్లోనే. వుడ్ శాండ్‌పైపర్లు ఆగస్టులోనే దిగుతాయి. వినాయక చవితి మండపాలు లేచేసరికి గ్రే వ్యాగ్‌టెయిల్ కాలువల పక్కన తిరుగుతుంటుంది. రోజీ స్టార్లింగులు, అంటే నల్లటి తల, గులాబి ఒంటి గోరింకలు, మధ్య ఆసియా నుంచి అప్పటికే వచ్చి ఉంటాయి.

చలికి తట్టుకోలేక పారిపోయి వస్తాయన్నదీ సగమే నిజం. అవి బయలుదేరేటప్పుడు అక్కడ ఇంకా ఎండాకాలమే. పగటి పొడవు తగ్గడం మొదలవగానే వాటి ఒంట్లో గడియారం తిరుగుతుంది. ఎక్కువ తిని కొవ్వు పట్టించుకుని ఎగురుతాయి. మంచు కప్పితే పురుగు దొరకదు. అసలు భయం ఆకలిది.

ఇంకో ముక్క. పెద్దవి ముందుండి పిల్లలకు దారి చూపిస్తాయనుకుంటాం. కొంగలు, పెద్దబాతుల విషయంలో సరే. చాలా ఉల్లంకి జాతుల్లో తల్లిదండ్రులే ముందు వెళ్లిపోతాయి. పిల్లలు కొన్ని వారాల తర్వాత, ఎప్పుడూ చూడని దేశానికి తమంతట తామే వస్తాయి. ఎటు ఎగరాలన్నది పుట్టుకతోనే వస్తుంది. చిన్నపిట్టలు ఎక్కువగా రాత్రిపూట, నక్షత్రాలనూ భూమి అయస్కాంత క్షేత్రాన్నీ ఆసరా చేసుకుని ఎగురుతాయి.

అపోహ: “గుట్టల మీద నెమళ్లు తప్ప ఏమున్నయ్?”

వలస అనగానే నీళ్లే గుర్తుకు రావడం వల్ల అక్టోబరులో గుట్టలెక్కేవాళ్లు తక్కువ. అనాజ్‌పూర్ వైపు బండల మీద బ్లూ రాక్ థ్రష్ ఒంటరిగా కూర్చుని ఉండవచ్చు. హిమాలయాల నుంచి వచ్చి చలికాలమంతా ఒకే బండల గుంపును కాపలా కాస్తుంది. ఎర్రతోక వణికించే బ్లాక్ రెడ్‌స్టార్ట్ పాత గోడల మీద, కంచె రాళ్ల మీద కనబడుతుంది. రెడ్‌స్టార్టులు చలికాలంలో రాబిన్‌లుగా మారిపోతాయని అరిస్టాటిల్ అంతటివాడే రాశాడు. మనవాళ్ల సైబీరియా కొంగలను మరీ తప్పుపట్టలేం.

గుట్టల కింది తుమ్మ, రేగు, గడ్డి నేలల మీదుగా మోకాలెత్తున తేలిపోయే డేగలాంటి పక్షి కనబడితే అది హారియర్. పాలిడ్ హారియర్ కజకిస్తాన్ గడ్డిమైదానాల నుంచి వస్తుంది. దానికి కావలసింది చెట్టు కాదు, గడ్డి. రెవెన్యూ లెక్కల్లో అది బంజరు. పచ్చదనం అంటూ అందులో గుంతలు తవ్వి మొక్కలు నాటినా, ప్లాట్లు వేసినా హారియర్‌కు ఒకటే. హరిణ వనస్థలిలో గడ్డి మిగిలింది 1975లో కృష్ణజింకల కోసం దాన్ని రక్షిత ప్రాంతం చేసినందువల్లే. పిట్టల మేలు ఎవరూ తలచలేదు కానీ వాటికీ కలిసొచ్చింది.

అపోహ: “పాలపిట్ట దసరాకే వస్తది.”

రాదు, ఇక్కడే ఉంటుంది. ఎండాకాలంలో చెట్టు తొర్రల్లో పిల్లల్ని పెంచుతుంది, ఆ తర్వాత కొంత అటూ ఇటూ తిరుగుతుంది. వానలు వెనకపట్టాక కరెంటు తీగల మీద బాగా కనబడుతుంది కాబట్టి పండగకు ముడిపడింది. దాన్ని పట్టి, రెక్కలు కట్టి, గల్లీల్లో చూపించి డబ్బులడిగేవాళ్లకు పది రూపాయలిచ్చినా ఆ దందాకు పెట్టుబడి పెట్టినట్టే. స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023 నివేదిక ప్రకారం దాదాపు పన్నెండేళ్లలో ఈ పక్షి 30 శాతం దాకా తగ్గింది.

అపోహ: “బర్డ్ ఫ్లూ తెచ్చేది ఇవే.”

2025లో చౌటుప్పల్ మండలం నేలపట్లలో, తర్వాత మన బాటసింగారం దగ్గర కోళ్లఫారాల్లో వైరస్ బయటపడినప్పుడు ఈ మాట గట్టిగా వినబడింది. కొట్టిపారేయడానికి వీల్లేదు. అడవి బాతులు ఈ వైరస్‌లను మోస్తాయి, దూరాలకు చేరుస్తాయి కూడా. అయితే ఇప్పుడు ప్రపంచాన్ని తిప్పలు పెడుతున్న హెచ్5ఎన్1 రకం మొదట బయటపడింది 1996లో, చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో, పెంపుడు పెద్దబాతుల్లో. ఫారం నుంచి ఫారానికి పాకడానికి లారీ టైర్లు, గుడ్ల ట్రేలు, కూలీల చెప్పులు చాలు. చెరువులో పక్షుల్ని తరిమితే రోగం పోదు. పైగా అవి చెదిరి ఇంకో నాలుగు చెరువుల్లో దిగుతాయి. చచ్చిన పక్షి కనబడితే ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పాలి.

కెమెరా లక్ష పెట్టి కొనాలన్న అపోహకు ఒక్క పేరా చాలు. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపే మామూలు బైనాక్యులర్, ఒక నోటుబుక్కు ఉంటే సరిపోతుంది. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీగా పుట్టి ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా ఉన్న సంఘం వాళ్లతో ఒక ఆదివారం నడిస్తే పుస్తకం చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. రెక్కలు విప్పిన ఫొటో కోసం గుంపును లేపేవాళ్లతో మాత్రం నడవొద్దు.

అపోహ: “ఎవరో పెంచుకునే రంగుల పిట్ట, పారిపోయి మా బాల్కనీల పడ్డది.”

అక్టోబరు, నవంబరుల్లో కాలనీల్లో ఇది జరుగుతుంటుంది. ఆకుపచ్చ వీపు, తేనెరంగు పొట్ట, కంటి చుట్టూ నల్ల పట్టీ, తోక కింద ఎరుపు, తోక చాలా పొట్టి. చూస్తే పంజరం పిట్టే అనిపిస్తుంది. అది పొన్నంకి పిట్ట. వానాకాలంలో మధ్య భారతంలో, హిమాలయాల కింది అడవుల్లో పిల్లల్ని పెంచి, దక్షిణానికీ శ్రీలంకకూ పోతూ దారిలో మన మీదుగా వెళ్తుంది. వచ్చినవన్నీ ఇక్కడే ఉండిపోవు మరి. నాగాలాండ్‌లో ఆగి, మన దేశాన్నీ ఆపైన అరేబియా సముద్రాన్నీ దాటి ఆఫ్రికాకు పోయే అమూర్ డేగలకూ ఈ ఆకాశం దారి మాత్రమే. పొన్నంకి రాత్రిపూట ఎగురుతూ దీపాల వెలుగుకు తికమకపడి అద్దాల కిటికీకి కొట్టుకుంటుంది, లేదా అలసిపోయి బాల్కనీలో దిగుతుంది.

నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం మెతుకులు అసలే వద్దు. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డ పరిచి, మూత వేసి, పిల్లులూ పిల్లలూ రాని చీకటి మూల ఒకట్రెండు గంటలు ఉంచాలి. చాలాసార్లు ఆ విశ్రాంతే చాలు. తేరుకుంటే చెట్లున్న చోట పెట్టె తెరిచి పక్కకు జరగండి. రెక్క వాలిపోయి లేవలేకపోతే అటవీశాఖకు అప్పగించాలి. ముచ్చటగా ఉందని పంజరంలో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.