తొడుగు తీయని తుపాకులు

మొదటి ప్రపంచయుద్ధమునాటి కెనడా సైనికుల ఛాయాచిత్రములపై ముఖచిత్ర కథనము వ్రాయుమని సంపాదకులు సెలవిచ్చిరి. గడువు గురువారము సాయంత్రము. బందరులో కూర్చుండి కెనడా సంగతి వ్రాయుటేమని గుడివాడ మిత్రులొకరు నవ్విరి గాని, బొమ్మలు ముందర పరచుకొన్నంతనే నా చూపు వీరుల ముఖములను విడిచి వారి చేతులలోని తుపాకులపై నిలిచిపోయినది.

ఒక చిత్రము 1916 నాటిది. కందకములోనుండి సైనికులు గట్టుపైకి ఎగబ్రాకుచున్నారు. పైన గుండు పేలిన పొగ. తీసినవాడు ఐవర్ కాజిల్, లండను 'డైలీ మిర్రర్' నుండి వచ్చి కెనడా సైన్యమునకు అధికార ఛాయాగ్రాహకుడైనవాడు. ఆ డిసెంబరులో లండను గ్రాఫ్టన్ గ్యాలరీలో పెట్టిన ప్రదర్శనలో ఈ తరహా చిత్రములను చూచి, తమ బిడ్డలు చావునకు తెగించి ఉరుకు ఘడియ యిదేయని జనులు నమ్మిరి. అయితే గుండు పెట్టు చోట బురద చొరకుండ చుట్టెడి కాన్వాసు గుడ్డ ఆ తుపాకులపై అట్లే యున్నది. శత్రువుమీదికి పోవువాడు తొడుగు తీయకయే పోవునా? ఆ స్థలము యుద్ధరంగమే కాదు. దానికి దూరముగా, ఫ్రాన్సులో సెయింట్ పోల్ దగ్గరి మోర్టారు శిక్షణ పాఠశాల. పొగ తరువాత చేర్చినది. మరుసటి యేడు అతడు తీసిన విమీ దిబ్బ యుద్ధపు చిత్రమునకును ఈ అలంకారము తప్పలేదు.

కాజిల్‌ను మోసగాడనుటకు నాకు మనసొప్పదు. తల యెత్తినవాడు కూలిపోవు చోట, నాటి బరువైన కెమెరాను నిలిపి గురిచూచుట యెవనితరము? పత్రికలు అడిగినది ఉరుకుట. అతడు దానిని అమర్చి యిచ్చెను. నా ఫిర్యాదెల్ల అది నిజమైన దాడియేయని ఆ బొమ్మ క్రింద అచ్చైన వ్యాఖ్యతోనే.

చరిత్ర క్లుప్తముగా: 1914లో బ్రిటనుతోపాటు కెనడాయు యుద్ధమున దిగెను, 6 లక్షలకు పైబడి సైన్యమున చేరగా 60,000 మందికి పైగా మరణించిరి, 1917 ఏప్రిల్ 9 నుండి 12 వరకు విమీలోనే 3,598 మంది నేలకొరగిరి. చిత్రముల వ్యవహారము నడపినది మాక్స్ ఐట్కెన్ లండనులో నెలకొల్పిన కెనడా యుద్ధపత్రముల కార్యాలయము.

కాజిల్ తరువాత 1917 జూనులో వచ్చిన విలియం రైడర్-రైడర్ ఆ నవంబరున బెల్జియములోని పాషెండేల్‌లో తీసిన చిత్రమున ఉరుకుట లేదు, జెండా లేదు. దమ్ముచేసి నాట్లు వేయక వదలిన చేనివలె దిగంతము వరకు బురద. గుండ్లు పడి యేర్పడిన గుంటలలో నీరు. వాని అంచున 16వ మెషిన్‌గన్ కంపెనీవారు ఒదిగి కూర్చున్నారు. ఆ నేల కొరకు కెనడా పెట్టిన వెల, హతులు క్షతగాత్రులు కలిసి, 15,000కు మించినది.

అమర్చిన చిత్రమునకును జరిగినదానిని చూపు చిత్రమునకును గల ఈ భేదము దివిసీమవారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్నది; ప్రపంచమును కదిలించిన చిత్రములు నీరు తీసిన తరువాత అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో తీసినవి. కెరటము విరుచుకుపడు క్షణమును పట్టితినని యెవరైన ఒక చిత్రము చూపినచో, కోడూరు ముసలివారు మొదట అడుగునది "తమరు ఎక్కడ నిలబడి తీసినారండీ?" అని. యుద్ధచిత్రమునకును అదే ప్రశ్న వేయవలయునని నా మతము.

కనుక ముఖచిత్రముగా బురదనే వేయుమని కోరితిని; సంపాదకులు కొంత గునిసి ఒప్పుకొనిరి. కందకపు బొమ్మ లోపలి పుటలో, శిక్షణ పాఠశాలలో తీసినదన్న వ్యాఖ్యతో ఉన్నది.

పెట్టెలో: మన సముద్రమున ఒక కెనడా వైమానికుడు

రెండవ ప్రపంచయుద్ధమున, 1942 ఏప్రిల్ 4న, సింహళమునకు దక్షిణమున గస్తీ తిరుగుచున్న కాటలీనా విమానము నుండి కెనడావాడు లియొనార్డ్ బిర్చల్ జపాను నౌకాదళమును కనుగొనెను. శత్రువిమానములు కూల్చులోపలనే వార్త వైర్‌లెస్‌లో కొలంబోకు చేరినది. మరునాడు ఈస్టరునాటి దాడికి ఆ నగరము సిద్ధముగా నుండెను. 6వ తేదీన జపాను విమానవాహక నౌక ర్యూజోనుండి లేచిన విమానములు విశాఖపట్నము, కాకినాడలపై బాంబులు వేసెను. బిర్చల్ 1945 వరకు జపాను చెరలో నుండి, 2004లో మరణించెను. అతని చిత్రములు కలవు గాని, అతడు చేసిన మేలు వైర్‌లెస్ శబ్దములలో జరిగినది. దానికి పొగ అతికించు అవకాశము ఏ ఛాయాగ్రాహకునికిని లేకపోయెను.