బేస్ గిటార్: ఎక్కువ రేటు పెడితేనే మంచి సౌండ్ వస్తుందా? కొనేముందు ఇవి చూసుకోండి

బ్యాండ్‌లో చేరగానే ఈఎంఐలో ఖరీదైన బేస్ గిటార్ కొనేస్తుంటారు కొందరు. నిజంగా అంత అవసరమా? ఫెండర్ సంగతే చూద్దాం. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ ఇప్పటికీ అమెరికాలో తయారవుతోంది. అదే డిజైన్, అదే కంపెనీకి చెందిన స్క్వైర్ బ్రాండ్‌లో చాలా తక్కువకే దొరుకుతుంది. మామూలు మోడళ్లలో రెండింటి స్కేల్ 34 అంగుళాలే.

మరి తేడా ఎక్కడ? పికప్‌లు, ట్యూనింగ్ కీలు, ముఖ్యంగా ఫ్రెట్ల ఫినిషింగ్. ఫ్రెట్ల అంచులు గరుకుగా ఉంటే చెయ్యి గీసుకుపోతుంది. అయితే 'చీప్ గిటార్ బాలేదు' అనేవాళ్లలో చాలామంది సెటప్ చేయించి ఉండరు. ట్రస్ రాడ్‌తో నెక్ వంపు సరిచేసి, తీగల ఎత్తు తగ్గిస్తే అదే గిటార్ హాయిగా పలుకుతుంది.

ఇంకో చిక్కు యాంప్‌తో. బేస్‌లో లావు తీగ శ్రుతి దాదాపు 41 హెర్ట్జ్. అంత లోతైన శబ్దాన్ని చిన్న స్పీకర్ సరిగ్గా వినిపించలేదు. అలాంటి యాంప్‌కి ఎంత ఖరీదైన గిటార్ తగిలించినా డబ్బు దండగే. వారం వారం స్టేజ్ ఎక్కేవాళ్లు, రికార్డింగ్‌లు చేసేవాళ్లు ఎక్కువ పెట్టొచ్చు.

షాపులో ట్యూనర్ పెట్టి చూడండి. తీగను వదిలి మీటినప్పుడు, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటినప్పుడు ఒకే స్వరం చూపించాలి. లేదంటే అక్కడే సెటప్ చేసివ్వమని అడగండి.