రైలు టికెట్టు రేవు దాటదు!

నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలో వెళ్లాలన్నది నల్గొండ, మిర్యాలగూడ వైపు చాలా కుటుంబాలకు ఎప్పటి నుంచో ఉన్న కోరిక. కృష్ణమ్మ నిండుగా ఉన్న రోజుల్లో రెండువైపులా నల్లమల కొండలు చూసుకుంటూ అయిదారు గంటల ప్రయాణం. సాయంత్రానికి మల్లన్న సన్నిధి. మర్నాడు దర్శనం చేసుకుని, బస్సులో మార్కాపురం రోడ్ స్టేషన్‌కు చేరి, ముందే రిజర్వు చేయించుకున్న రైలెక్కేస్తే సరి... కాగితం మీద లెక్క చక్కగానే ఉంటుంది. మరి ఆ రోజు లాంచీ కదలకపోతే?

కదలకపోవడానికి కారణాలు బోలెడు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. జలాశయంలో నీళ్లు దండిగా ఉన్న నెలల్లోనే శ్రీశైలం దాకా లాంచీ పోతుంది. గాలివాన వస్తే ఆపేస్తారు. సరిపడా జనం రాకపోయినా అంతే. ప్రయాణం రద్దయితే లాంచీ వాళ్లు వెనక్కిచ్చేది లాంచీ టికెట్టు డబ్బులే. మార్కాపురంలో ఎక్కాల్సిన రైలు మాటేమిటని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండదు. రైల్వే వాళ్లనడిగితే ‘మా రైలు టైముకే వెళ్లింది, మీరే రాలేదు’ అంటారు. రూలు ప్రకారం ఆ మాటా నిజమే! చార్టు తయారైపోయాక ఖరారైన టికెట్టును రద్దు చేసుకున్నా పైసా రాదు.

ఒక రైలు ఆలస్యమై రెండో రైలు తప్పిపోతే మాత్రం రైల్వే కాస్త కనికరిస్తుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు పీఎన్నార్‌లను జతచేసుకునే వీలు కల్పించింది. మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది అందకపోతే, ప్రయాణం చేయని భాగానికి డబ్బులు తిరిగిస్తారు. అయితే రెండూ రైలు టికెట్లే అయి ఉండాలి. ప్రయాణికుల వివరాలు ఒకటే ఉండాలి. మొదటి రైలు దిగే స్టేషన్‌లోనే రెండోది ఎక్కాలి. మధ్యలో లాంచీ వచ్చిందంటే ఈ రూలు పనికిరాదు. ఈ-టికెట్టుతోపాటు పైసల్లో వచ్చే ప్రయాణ బీమా కూడా అంతే... రైలు ప్రమాదానికే తప్ప నీటి మీద జరిగేదానికి వర్తించదు.

అప్పట్లో ఒకటే టికెట్టు

రైలూ ఓడా కలిపి ఒకే టికెట్టు ఇవ్వడం మన దేశానికి కొత్తేమీ కాదు. 1914లో పాంబన్ వంతెన మీదుగా ధనుష్కోడికి రైలు వెళ్లడం మొదలయ్యాక, మద్రాసు ఎగ్మోర్‌లో టికెట్టు కొంటే కొలంబో వరకూ చెల్లేది. ధనుష్కోడిలో దిగి స్టీమరెక్కడం, అవతల తలైమన్నార్‌లో మళ్లీ రైలెక్కడం. బోట్ మెయిల్ అన్న పేరు అలాగే వచ్చింది. 1964 డిసెంబరులో వచ్చిన తుపాను ధనుష్కోడిని ఊడ్చేయడంతో ఆ దారి మూతపడింది. బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్య ఇప్పటికీ అలాంటి ఉమ్మడి టికెట్లున్నాయి. హోలీహెడ్ దాకా రైలు, అక్కణ్నుంచి డబ్లిన్‌కు ఓడ. ఇంగ్లండులో ఏ చిన్న స్టేషన్‌లో బయల్దేరినా సరే.

మన దగ్గర ఆ కథ వంతెనలతోనే ముగిసింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో హేవలాక్ వంతెన వచ్చేవరకూ రైలు దిగినవాళ్లు కొవ్వూరు, రాజమండ్రి రేవుల మధ్య నది దాటాల్సి వచ్చేది. వంతెన పడ్డాక ఆ అవసరమే పోయింది. పాలమూరు వైపు అదీ జరగలేదు. కొల్లాపూర్‌కు ఇప్పటికీ రైలు లేదు. గద్వాల-మాచర్ల లైను కోసం దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. సోమశిల నుంచి అవతలి సిద్ధేశ్వరం గట్టుకు పోవాలంటే పడవే గతి. కాదంటే కర్నూలు మీదుగా చుట్టు తిరగాలి. 2007లో కొల్లాపూర్ ప్రాంతంలో కిక్కిరిసిన పడవ కృష్ణలో మునిగి 61 మంది చనిపోయారు. రేవు పడవల్లో చాలాచోట్ల డబ్బులు చేతికివ్వడమే తప్ప టికెట్టన్నదే ఉండదు. టికెట్టు లేకపోతే ఎంతమంది ఎక్కారో లెక్కెవరు చెబుతారు? ఆ విషాదం తర్వాత గట్టిగా వినిపించిన సోమశిల వంతెనకు 2022లో కేంద్రం రూ.1,082 కోట్లతో ఆమోదం తెలిపింది.

మూడు గంటల గడువు

నాగార్జునకొండ చూసి సాయంత్రానికి ఇల్లు చేరాలనుకునే వాళ్లది ఇంకో చిక్కు. పొద్దున రైలు దిగగానే ‘తిరుగు టికెట్టు కూడా ఇప్పుడే తీసుకుంటే సాయంత్రం క్యూ తప్పుతుంది కదా’ అనిపిస్తుంది. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్టుకు అది కుదరదు. 2016 మార్చి నుంచి ఉన్న నిబంధన ప్రకారం, టికెట్టు తీసుకున్న 3 గంటల్లోగా, లేదంటే ఆ తర్వాత వచ్చే మొదటి రైల్లో బయల్దేరాలి. పొద్దున్నే తీసుకున్న టికెట్టు సాయంత్రానికి చెల్లదు. టీసీ పట్టుకుంటే టికెట్టు లేనట్టే లెక్క. కొండ మీద మ్యూజియానికి శుక్రవారం సెలవన్నదీ మర్చిపోకూడదు. రాష్ట్ర విభజన తర్వాత సాగర్‌కు ఇటు తెలంగాణ లాంచీలు, అటు విజయపురి సౌత్ నుంచి ఆంధ్ర లాంచీలు వేర్వేరు. ఒక గట్టున కొన్న టికెట్టు రెండో గట్టున చెల్లదు.

బస్సూ లాంచీ కలిపి పర్యాటక సంస్థ హైదరాబాద్ నుంచి నడిపే ప్యాకేజీలో ఈ తలనొప్పి తక్కువ. దారి పొడవునా ఒక్కరే బాధ్యులు గనక లాంచీ ఆగిపోతే ఎవరినడగాలో తెలుస్తుంది. రైల్లోనే వెళ్లాలనుకునేవాళ్లు బయల్దేరే ముందు రోజు లాంచీ కౌంటరుకు ఫోన్ చేసి, నీటిమట్టం సరిపోతోందో లేదో కనుక్కోవాలి. తిరుగు రైలుకు, లాంచీ దిగే రోజుకు మధ్య ఒక రాత్రి కాకుండా రెండు రాత్రులు వదిలేయాలి. శ్రీశైలంలో అదనంగా ఇంకో రాత్రి ఉండటానికయ్యే ఖర్చు, నలుగురి రైలు టికెట్లు గంగలో కలిసిపోవడంతో పోలిస్తే ఎప్పుడూ తక్కువే.