సైన్యము వారి చదువు, వైద్యము: అడుగదగిన మూడు ప్రశ్నలు

ప్రతి సంవత్సరము ప్రవేశపరీక్షల ప్రకటనలు వెలువడు దినములలో మా పాఠశాల వాకిట ఒకే ప్రశ్న పలుమారులు వినవచ్చును. పిల్లవానిని సైనికపాఠశాలలో చేర్చినయెడల చదువునకు ఖర్చు లేదా, పిదప ఉద్యోగమును, ఆస్పత్రిని, పింఛనును ప్రభుత్వమే చూచుకొనునా యని తలిదండ్రులు మమ్ము అడుగుదురు. మా యొద్దకు వచ్చుటకు ముందే వారు కోదాడ బస్సుస్టాండులో ప్రక్కన కూర్చున్నవారిని, మిర్యాలగూడ బియ్యపుమిల్లు వద్ద లారీ దించుచున్నవారిని, సూర్యాపేట హోటలులో ఎదురుపడిన మాజీసైనికుని అడిగియుందురు. ఎఱుగనివారిని అడుగుట తప్పు గాదు. ఒకరికి తెలిసినది మఱియొకరికి చేరుటకు అదియు నొక మార్గమే. అయితే వినిన జవాబును తూచుకొను విధము కూడ తెలిసియుండవలెను. దానిని గూర్చియే ఈ వ్యాసమున నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ ప్రాంతమున ఈ ప్రశ్న ఇంతగా వినబడుటకు రెండు కారణములు కలవు. మొదటిది జీవనము. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడెను. తరువాత ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలములకు వచ్చి వరి పండించెను. భూమి తడిసినది గాని పెరుగలేదు. తండ్రికిగల నాలుగెకరములు ఇరువురు కుమారులకు రెండేసి యెకరములగును. కౌలుదారుని కుమారునకు అదియు లేదు. రెండవది యొక వీరుని స్మృతి. సూర్యాపేట వాస్తవ్యుడైన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు విజయనగరము జిల్లా కోరుకొండ సైనికపాఠశాలలో చదివి, ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్సు అకాడమీలో శిక్షణ పొంది, 16వ బీహారు పటాలమునకు అధిపతియయ్యెను. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గాల్వాను లోయలో ఆయనతో కూడ ఇరువది మంది సైనికులు ప్రాణము లర్పించిరి. 2021లో ఆయనకు మహావీరచక్రము ప్రకటింపబడెను. ఆయన విగ్రహము ముందుగా నడచి బడికి పోవు బాలుడు తానును అట్టివాడు కావలెనని కోరుకొనుట సహజము, శ్లాఘ్యము.

ఈ విషయమున మేమును ఒకప్పుడు పొరపడితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట సూర్యాపేట బస్సులో మా ప్రక్కన కూర్చున్న మాజీసైనికు డొకడు, సైన్యమున చదువునకు పైసా ఖర్చు లేదని చెప్పెను. మే మా మాటను అట్లే తెచ్చి, ఒక విద్యార్థి తండ్రియగు కౌలురైతునకు అందించితిమి. ఆయన ఇల్లాలి పుస్తెలతాడు కుదువబెట్టి కుమారునకు పరీక్షకై ప్రత్యేకముగా చదువు చెప్పించెను. బాలునకు స్థానము వచ్చినది. వెంటనే ఫీజు కాగితమును వచ్చినది. ఆ మొత్తమును చూచి తండ్రి మా వరండాలో చాలసేపు మాటలాడక కూర్చుండి, కాగితమును మడిచి చొక్కా జేబులో పెట్టుకొని వెడలిపోయెను. బాలుడు మా వద్దనే పదవ తరగతి ముగించెను. తాకట్టు విడిపించుటకు రెండు పంటలు పట్టినవి. ఆ మాజీసైనికుడు అబద్ధమాడలేదు. పటాలమున చేరిన పిదప తాను నేర్చిన చదువును గూర్చి ఆయన చెప్పెను. అడుగవలసినది అడుగకుండుట మా లోపము. అప్పటినుండి ఎవరేమి చెప్పినను మేము మూడు ప్రశ్నలు వేయుచున్నాము.

మొదటి ప్రశ్న: ఆ ఖర్చు పెట్టువా రెవరు?

"సైనిక" అను పేరు గల ప్రతి బడియు సైన్యపు ధనముతోనే నడచుననుకొనరాదు. సైనికపాఠశాలలు 1961లో, కృష్ణమేనన్ గారు రక్షణమంత్రిగా నున్న కాలమున ఆరంభమైనవి. కోరుకొండలో 1962లోను, చిత్తూరు ప్రాంతమున కలికిరిలో 2014లోను ఇట్టి పాఠశాలలు వెలసినవి. రక్షణశాఖ అధికారులను పంపును. రాష్ట్రప్రభుత్వము స్థలము, కట్టడములు, కొందఱికి విద్యార్థివేతనములు ఇచ్చును. భోజనవసతితో కూడిన ఫీజు తలిదండ్రులు కట్టవలెను. విద్యార్థివేతనము కుటుంబపు ఆదాయమును, రాష్ట్రమును బట్టి యుండును. స్థానములలో నూటికి 67 పాఠశాల యున్న రాష్ట్రమువారికి ప్రత్యేకింపబడినవి. కర్నల్ సంతోష్ బాబు చదివిన దినములలో సూర్యాపేటయు కోరుకొండయు ఒకే రాష్ట్రమున నుండెను. 2014 జూన్ 2 మొదలు వేఱైనవి. కావున తెలంగాణ బాలుని ఏ వరుసలో లెక్కింతురో ఆ యేటి ప్రకటనలోనే చూచుకొనవలెను. కరీంనగర్ జిల్లా రుక్మాపూరులోని సైనికపాఠశాల తెలంగాణ సాంఘికసంక్షేమ గురుకులములలో నొకటి. అచ్చటి ఖర్చు సంక్షేమశాఖది. పేరొకటే, పెట్టువారు వేఱు. ఆరవ తరగతికి పది మొదలు పండ్రెండేండ్ల వయస్సు నియమము గలదు. 2021 మొదలు బాలికలకును ప్రవేశము లభించుచున్నది.

రెండవ ప్రశ్న: బదులుగా మన మేమి ఈయవలెను?

సైనికపాఠశాలలో చదివినవాడు సైన్యమునకు పోవలెనను నిర్బంధము లేదు. అందులకే ఫీజును కలదు. నేషనల్ డిఫెన్సు అకాడమీలో శిక్షణవ్యయము ప్రభుత్వము భరించును. అయితే అనారోగ్యకారణము లేక నడుమ విడిచిపోవువాని నుండి ఆ వ్యయమును తిరిగి రాబట్టవచ్చును. 1948లో పూనాలో నెలకొల్పబడిన సాయుధబలముల వైద్యకళాశాలలో వైద్యవిద్యకు ఫీజు లేదు. చదువు ముగిసిన పిదప సైనికవైద్యులుగా పనిచేయుదుమని ముందుగానే ఒప్పందము వ్రాసి యీయవలెను, తప్పినవారు సొమ్ము చెల్లింపవలెను. అమెరికాలో దీనికి తలక్రిందులైన పద్ధతి యొకటి కలదు. 1944లో రూజువెల్టు అధ్యక్షుడు సంతకము చేసిన చట్టము వలన, యుద్ధమునుండి తిరిగివచ్చిన వారిలో సుమారు 78 లక్షలమంది ప్రభుత్వవ్యయమున చదువో వృత్తిశిక్షణయో పొందిరి. అచ్చట సేవ ముందు, చదువు వెనుక; ఇచ్చట చదువు ముందు, సేవ వెనుక. ఉభయత్ర చదువునకు వెల కలదు. ఆ వెల రూపాయలలో గాక, యౌవనపు సంవత్సరములలో చెల్లును. ఒక్కొక్కప్పుడు ప్రాణముతోను చెల్లును. ఆ వెల తెలిసి అంగీకరించుట గౌరవము. తెలియక చిక్కుకొనుట విచారము.

మూడవ ప్రశ్న: ఈ మాట ఏ సంవత్సరపుది? ఎంతకాలము చెల్లును?

ఎఱుగనివారి జవాబులలో అన్నిటికంటె హెచ్చుగా మోసపోవునది ఇచ్చటనే. పాత సైనికుడు తన జీవితమును చూచి చెప్పును. ఆయనకు పింఛను కలదు. 2003 ఏప్రిలులో ఆరంభమైన మాజీసైనికుల వైద్యపథకము క్రింద తనకును భార్యకును చికిత్స కలదు. 2022 జూనులో వచ్చిన అగ్నిపథ పథకము క్రింద చేరు యువకునకు అవి లేవు. అతని సేవ నాలుగు సంవత్సరములు. ఆ పిదప నూటికి 25 మందికి మించకుండ స్థిరముగా తీసికొందురు. తక్కినవారికి తమ జీతమునుండి కూడినదియు ప్రభుత్వము కలిపినదియు వడ్డీతో సుమారు 11.71 లక్షల రూపాయలు ముట్టును. సేవలో నున్నంతకాలము సైనికాస్పత్రి కలదు, 48 లక్షల రూపాయల జీవితభీమా కలదు. వెలుపలికి వచ్చినపుడు పింఛను లేదు, మాజీసైనికుల వైద్యపథకము లేదు.

ఈ మార్పునకు చర్చింపబడిన కారణములలో నొకటి ఆర్థికమైనది. 2024-25వ సంవత్సరమునకు రక్షణశాఖకు కేటాయించిన 6.21 లక్షల కోట్ల రూపాయలలో 1.41 లక్షల కోట్లు, అనగా రూపాయికి సుమారు ఇరువదిమూడు పైసలు, పింఛనులకే పోవును. పింఛనులు తగ్గిన ఆయుధములకు హెచ్చు మిగులునని కొందఱందురు. నాలుగేండ్లకు బయటపడిన యువకుని భారము కుటుంబముపై పడునని మఱికొందఱందురు. ఏ పక్షము వారైనను, నియమము మారుట కాగితముమీది సంగతి మాత్రమే గాదని ఒప్పుకొందురు. 2022 జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో ఉద్యోగమునకై ఎదురుచూచిన యువకుల ఆందోళనమున కాల్పులు జరిగి ఒక తెలంగాణ బిడ్డ మరణించెను.

తలిదండ్రులారా, విద్యార్థులారా! సైన్యమున చేరవలదని మేము చెప్పుటలేదు, చేరుమనియు తొందరపెట్టుటలేదు. అడుగుడు, బస్సులోనివారి నడుగుడు, మమ్ము నడుగుడు. పెట్టువా రెవరు, బదులేమి, ఏ సంవత్సరపు మాట యని మరల అడుగుడు. పిదప ఆ యేటి ప్రకటనతో సరిచూచుకొనుడు. ఆ ప్రకటన ప్రతి నొకదానిని ఏటేట మా కార్యాలయపు గోడకు అంటించుచున్నాము.

పైని చెప్పిన కౌలురైతు చిన్న కుమారుడు ఈ యేడు అయిదవ తరగతిలో నున్నాడు. మొన్న ఆయన మరల వచ్చెను. మేము నోరు తెరువకముందే గోడమీది కాగితమును చూపి, ఫీజు సంగతి గల భాగమును మొదట చదువుడని కోరెను. మేము చదివితిమి. పిదప ఇరువురము కూర్చుండి ఒక తెల్లకాగితముమీద లెక్క వ్రాసికొంటిమి.