బ్రేకు లేని బండి మీద మంచు వాలు

సైకిల్ చక్రాలు రెండూ విప్పేసి, వాటి చోట రెండు పొట్టి స్కీలు బిగిస్తే దాదాపు స్కీ బైక్ తయారైనట్టే. సీటు, హ్యాండిల్, ఫ్రేము ఉంటాయి. పెడళ్లు, గొలుసు, ఇంజిన్ ఉండవు. గుల్మార్గ్‌లోనో సోలాంగ్ లోయలోనో మనవాళ్లు డబ్బు కట్టి ఎక్కే స్నో స్కూటర్ దీనికి పూర్తిగా వేరు, అది పెట్రోలు బండి. స్కీ బైక్‌ను నడిపించేది వాలు ఒక్కటే. దాని సుగుణాలూ చిక్కులూ చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

ఇది నిన్నమొన్నటి వింత కాదు. స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్‌వాల్డ్‌లో క్రిస్టియన్ బూల్‌మన్ అనే ఆయన 1911లో చెక్కతో ఇలాంటి బండి చేసి పేటెంటు తీసుకున్నాడు. మంచులో నడవడం ఆయనకు కష్టంగా ఉండేది, ఆ కష్టం తీర్చుకోవడానికే దాన్ని చేసుకున్నాడు. వెలోగెమెల్ అని పిలిచే ఆ చెక్క బండి మీద ఆ ఊరి జనం చలికాలంలో పనులకు వెళ్లేవారు. ఇప్పటికీ అక్కడ అద్దెకు దొరుకుతుంది. తర్వాత ఆస్ట్రియా, జర్మనీలలో ఇనుప ఫ్రేములు, స్ప్రింగులు వచ్చాయి, పందేలు మొదలయ్యాయి. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది, 1967లో ప్రపంచ పోటీలు ప్రారంభమయ్యాయి. పందెగాళ్ల సంగతి ఎలా ఉన్నా, నడక కష్టమైన మనిషి కోసం పుట్టిన బండి అన్న మాట మాత్రం గుర్తుంచుకోదగ్గది.

ఇప్పుడు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిదాంట్లో సీటు మీద కూర్చుంటాం, రెండు పాదాలకూ మూరెడు పొడవున్న చిన్న స్కీలు తొడుక్కుంటాం. అంటే మంచును ఒకేసారి నాలుగు చోట్ల తాకుతూ జారతాం. రెండోదాంట్లో పాదాలకు స్కీలుండవు. కొండదారుల సైకిల్ మీద నిలబడినట్టు ఫ్రేముకు ఉన్న మెట్ల మీద కాళ్లు పెట్టి, సీటు నుంచి లేచి నడపాలి. రెండోది కుర్రకారు సరదా. పాత సైకిల్‌కే స్కీలు బిగించుకునే కిట్లు కూడా వస్తున్నాయి. కొత్తవాళ్లకు మొదటి రకమే సరైనది.

మామూలు స్కీయింగ్‌లో మొదటి రోజు ఎలా గడుస్తుందో చూస్తే స్కీ బైక్ విలువ అర్థమవుతుంది. గట్టి బూట్లు చీలమండను కదలనివ్వవు. ఒక్కో కాలికీ ఒక్కో పొడవాటి స్కీ, ఆ రెండూ చెరో దారి పడతాయి. పడటం సులువే, ఆ పొడవాటి పలకలతో లేచి నిలబడటమే కష్టం. చాలామందికి మొదటి పూట దీనితోనే సరిపోతుంది. స్కీ బైక్ మీద ఈ బాధ తక్కువ. హ్యాండిల్ ఎటు తిప్పాలో, ఒళ్లు ఎటు వంచాలో సైకిల్ తొక్కిన మనిషికి కొంత ముందే తెలుసు. బరువు కిందికి ఉంటుంది, పాదాలు రెండు పక్కలా ఊతంగా ఉంటాయి. ఒకటి రెండు గంటల్లో తేలికపాటి వాలు మీద ధైర్యంగా దిగడం చాలామందికి సాధ్యమే.

మోకాళ్ల విషయంలో లాభం మరీ పెద్దది. స్కీయింగ్‌లో పొడవాటి స్కీ మంచులో చిక్కుకుని ఒకవైపు తిరిగి, ఒళ్లు ఇంకోవైపు తిరిగితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. లోపలి లిగమెంటు తెగడానికి అదొక ముఖ్య కారణం. స్కీ బైక్ మీద పాదాల స్కీలు పొట్టివి కాబట్టి ఆ మెలి బలం తగ్గుతుంది. పైగా ఒంటి బరువు చాలావరకు సీటు మోస్తుంది, గతుకుల దెబ్బను షాక్ అబ్జార్బర్లు తీసుకుంటాయి. మోకాళ్లు అరిగి స్కీయింగ్ వదిలేసినవాళ్లు దీనితో మళ్లీ మంచు మీదికి రావడం అందుకే. అమెరికాలో దివ్యాంగులకు మంచు క్రీడలు నేర్పే కేంద్రాల్లోనూ స్కీ బైక్ వాడతారు. నా దృష్టిలో ఈ బండికి ఇంతకన్నా గొప్ప సుగుణం లేదు.

ఇక అసలు చిక్కు. ఈ బండికి బ్రేకు లేదు. సైకిల్ అలవాటు మొదటి అరగంటలో ఎంత సాయం చేస్తుందో, ఇక్కడ అంత దెబ్బ తీస్తుంది. వేగం పెరగ్గానే కొత్తవాడి వేళ్లు హ్యాండిల్ కింద బ్రేకు పిడికోసం వెతుకుతాయి. అది దొరకదు. కంగారులో ఒళ్లు వెనక్కి వాలుతుంది, ముందు స్కీ మీద బరువు తగ్గుతుంది, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. అప్పుడు భయపడి ఒక్కసారిగా గట్టిగా తిప్పితే ముందు స్కీ అడ్డంగా మంచులోకి దిగి మనిషిని హ్యాండిల్ మీదుగా విసిరేస్తుంది.

ఆగాలంటే మలుపే దారి. నేరుగా కిందికి దిగుతున్న బండిని వాలుకు అడ్డంగా తిప్పాలి. అప్పుడు స్కీల పక్కనున్న ఉక్కు అంచులు మంచును గీరి వేగాన్ని చంపుతాయి. ఇంకొంచెం ఎగువకు తిప్పితే బండి తనంతట తానే ఆగుతుంది. కొన్ని పాదాల స్కీలకు మడమ దగ్గర లోహపు పళ్లుంటాయి, వాటిని గుచ్చితే వేగం తగ్గుతుంది గానీ నిటారు వాలులో వాటినే నమ్ముకోకూడదు. మెల్లగా పోతున్నప్పుడు హ్యాండిల్‌తోనూ, వేగంలో నడుము, మోకాళ్లు వంచి ఒరిగించడంతోనూ మలుపు వస్తుంది. ఈ తేడా ఒంటికి పట్టేదాకా పెద్ద వాలు ఎక్కకూడదు.

పడినప్పటి దెబ్బల తీరు కూడా మారుతుంది. మోకాలు తప్పించుకున్నా హ్యాండిల్ పొట్టకో ఛాతీకో తగలొచ్చు, చేతులు ఆనించబోయి మణికట్టు, భుజం దెబ్బతినొచ్చు. ఇంకా పెద్ద ప్రమాదం మనిషి పడిపోయి బండి ఒక్కటే కిందికి పోవడం. అంత బరువున్న వస్తువు వాలున జారి దిగువనున్న ఏ పిల్లవాడికో తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే బండిని నడుముకో చేతికో కట్టుకునే తాడు తప్పనిసరి. హెల్మెట్ సంగతీ అంతే. వెనక నుంచి వచ్చేవాడే ముందువాడిని కాచుకుని దారి చూసుకోవాలన్న స్కీ నియమం స్కీ బైక్‌కూ వర్తిస్తుంది.

మంచును బట్టి కూడా బండి తీరు మారుతుంది. యంత్రాలతో చదును చేసిన వాలు మీద హాయిగా పోతుంది. పొద్దున్నే రాత్రి చలికి గట్టిపడిన మంచు మీద పొట్టి స్కీలకు పట్టు చాలదు. లోతైన పొడిమంచులో సన్న స్కీల బండి కూరుకుపోతుంది, అక్కడ వెడల్పు స్కీలున్న రెండో రకం మేలు. వాలు అయిపోయి చదును వచ్చిందంటే స్కీయర్ చేతికర్రలతో తోసుకుంటూ పోతాడు. మనకు పెడల్ లేదు, కర్రలు లేవు, కాళ్లతో నెట్టుకోవాలి, లేదా దిగి తోసుకుంటూ నడవాలి.

పైకి చేరడం ఇంకో గొడవ. కుర్చీ లిఫ్టులో బండితో సహా ఎక్కడం నేర్పిస్తే వస్తుంది. మనిషిని నిలబెట్టి మంచు మీదే లాక్కుపోయే లిఫ్టులు దీనికి అంతగా కుదరవు. కొన్ని రిసార్టులు స్కీ బైక్‌ను రానివ్వవు, కొన్ని పాదాల స్కీలున్న రకాన్నే ఒప్పుకుంటాయి, కొన్ని ముందు పాఠం తీసుకోవాలంటాయి. అమెరికాలో సెలవులు కలిసొచ్చినప్పుడు నాలుగైదు తెలుగు కుటుంబాలు కలిసి మంచు కొండలకు బయల్దేరడం మామూలే. అలాంటివాళ్లు గదులు బుక్ చేసే ముందే రిసార్టుకు ఫోన్ చేసి, ఏ రకానికి అనుమతి ఉందో, అద్దె బళ్లు, నేర్పేవాళ్లు ఉన్నారో కనుక్కోవాలి.

ఏటా చలికాలం మంచుకు వెళ్లే ఓపికా, మంచి మోకాళ్లూ ఉన్నవాళ్లు మాత్రం స్కీయింగే నేర్చుకోవాలంటాను. దానితో వెళ్లగలిగే చోట్లు ఎక్కువ, గురువులు ఎక్కువ. రెండు రోజుల ప్రయాణానికి వచ్చినవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, సైకిల్ బాగా వచ్చి స్కీలంటే భయపడేవాళ్లకు స్కీ బైక్ మేలు. మొదటి గంట మాత్రం, వదిలేసినా బండి దానంతటదే ఆగిపోయేంత చదును వాలు మీద, రెండు వైపులకూ మలుపులు తిప్పడానికే కేటాయించాలి.